తెలిశాక అన్నీ తేలికే



పొడుపు కథకు జవాబు దొరికేదాకా బుర్ర బద్దలు కొట్టుకుంటాం. చెప్పగానే "ఓస్, ఇంతేనా!" అంటాం. పేటెంట్ అప్పీలు వినే న్యాయమూర్తి ముందుకు ప్రతి ఆవిష్కరణా జవాబుతో సహా వస్తుంది. ఆ జవాబును కాసేపు మరిచి, అది వెలుగు చూడకముందు ఆ రంగంలో పని తెలిసిన మామూలు మనిషికి ఇది తట్టేదేనా అని ఆయన తేల్చాలి.

అమెరికా సుప్రీంకోర్టు 1966 ఫిబ్రవరి 21న, ఒకే రోజు, ఇలాంటి రెండు వివాదాలను తేల్చింది. ఒకటి రాతి నేలను దున్నే నాగలిది. దాని ఆవిష్కర్త గ్రాహం తన పాత నమూనాలో పలకకు పైనున్న ఉక్కు కాడను కిందికి మార్చాడు. ఒక అప్పీలు కోర్టు ఆ పేటెంట్ చెల్లుతుందంది, మరొకటి చెల్లదంది. ఆ పనిలో ఉన్నవారికి తట్టే మార్పేనని సుప్రీంకోర్టు కొట్టేసింది.

రెండోది ఆడమ్స్ బ్యాటరీ. నీళ్లు పోస్తే చాలు, పనిచేస్తుంది. జింక్ బదులు మెగ్నీషియం, సిల్వర్ క్లోరైడ్ బదులు క్యూప్రస్ క్లోరైడ్ పెట్టాడు, అన్నీ తెలిసిన పదార్థాలేగా అని ప్రభుత్వం వాదించింది. కానీ అప్పటి శాస్త్ర పరిజ్ఞానం ఆ దారి పనికిరాదనే చెప్పింది. ఆడమ్స్ చూపించినప్పుడు సైన్యం నిపుణులే నమ్మలేదు. తర్వాత ఆ సైన్యమే దాన్ని వాడుకుంది. పేటెంట్ నిలిచింది.

అలాగని ప్రతి అడుగుకూ పాత పుస్తకంలో రాతపూర్వక సూచన ఉండాలని పట్టుబట్టడమూ తప్పే. 2007లో కేఎస్ఆర్ కేసులో, కారు పెడల్‌కు ఎలక్ట్రానిక్ సెన్సర్ జోడించిన వివాదంలో, ఆ కోర్టే ఈ మాట చెప్పింది: పని తెలిసిన మామూలు మనిషి మరబొమ్మ కాదు, అతనికీ కాస్త ఊహ ఉంటుంది.

మన సుప్రీంకోర్టు 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో, వర్క్‌షాప్‌లో జరిగే మామూలు మెరుగుదలకు పేటెంట్ దక్కదంది. 2021లో మేధోసంపత్తి అప్పీలు బోర్డు రద్దయ్యాక పేటెంట్ అప్పీళ్లు హైకోర్టులకు వస్తున్నాయి. పాత విజ్ఞానం ఏమిటి, కొత్త సంగతి ఏమిటి, మొదటిదాని నుంచి రెండోది ఎలా తడుతుంది: ఈ మూడూ చర్చించకుండా దరఖాస్తు తిరస్కరించకూడదని ఢిల్లీ హైకోర్టు 2022లో అగ్రిబోర్డ్ కేసులో చెప్పింది.

ఈరోజు న్యాయశాస్త్ర పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపు పేటెంట్ కార్యాలయంలో ఉత్తర్వులు రాస్తారు, కొందరు వాటి మీద అప్పీలు వేస్తారు. "ఎవరికైనా తట్టేదే" అని రాసే ముందు ఏ కాగితం నుంచి ఏ అడుగు వేస్తే అక్కడికి చేరతారో చూపండి. చూపలేకపోతే ఆ మాట కొట్టేయండి. చూపగలిగితే మాత్రం అవతల ఉన్నది ఎంత పెద్ద కంపెనీ అయినా వెనకాడకండి. ఎవరికైనా తట్టే మార్పును ఇరవై ఏళ్లు ఒక్కరి గుత్తకు వదిలేస్తే, ఆ వృత్తిలో బతికే మిగతా పనివాళ్లందరికీ అన్యాయం చేసినట్టే.