మధుమేహము - వాహనచోదనము

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు సుమారు 120 కిలోమీటర్లు. భద్రాచలము దాటి చింతూరు, కుంటల వైపు సాగినచో 30వ జాతీయ రహదారి అడవిలో ప్రవేశించును. అచట ఊరికి ఊరికి నడుమ దూరము హెచ్చు. ఆహారము గాని, మందు గాని వెంటనే దొరకదు. మధుమేహము గలవారు ఇట్టి త్రోవలో బండి నడుపవచ్చునా యని శ్రోతలలో కొందరకు సందేహము కలుగవచ్చును. తగిన జాగ్రత్తతో నడుపవచ్చుననియే మా సమాధానము.

1988 నాటి మోటారు వాహనముల చట్టము మధుమేహమును పేరుపెట్టి నిషేధింపలేదు. కాని లైసెన్సు పునరుద్ధరణకు 40 ఏండ్లు నిండినవారును, లారీ, బస్సు వంటి రవాణా వాహనముల చోదకులు ఏ వయసువారైనను, వైద్యుని ధ్రువపత్రము జతపరుపవలెను. తన వ్యాధి వలన ఇతరులకు అపాయమని ఎరిగియు బండి నడుపుట 186వ సెక్షను క్రింద నేరము. మొదటిసారి 1,000 రూపాయల వరకు, మరల చేసినచో 2,000 రూపాయల వరకు జరిమానా. లైసెన్సు పోవునను భయముతో వైద్యుని యెదుట నిజము దాచిన చోదకుడు చట్టమునకే గాక, తన బండిలో కూర్చున్నవారికిని జవాబుదారి యగును.

త్రోవలో ముఖ్యముగా భయపడవలసినది చక్కెర హఠాత్తుగా తగ్గుటకు. ఇన్సులిను తీసికొనువారికిని, గ్లిమెపిరైడు వంటి మాత్రలు వాడువారికిని ఇది సంభవించును. మెట్‌ఫార్మిను ఒక్కటే వాడువారికి అరుదు. డెసిలీటరు రక్తములో చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగువకు పోయినపుడు చెమట, వణకు, గుండెదడ తోచును. ఇంకను తగ్గినచో చూపు మసకబారును, మాట తడబడును. చూచువారు త్రాగినాడని భ్రమపడుదురు. రాముని దర్శనమునకై ఉపవాసముండి, మందు మాత్రము యథాప్రకారము పుచ్చుకొని, తామే కారు నడుపుకొని పోవువారికి ఈ అపాయము మరింత హెచ్చు. అట్టివారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను. ఆనాడు స్టీరింగు మరియొకరికి అప్పగించుట మేలు.

ఇన్సులిను గాని, అట్టి మాత్రలు గాని వాడువారు బయలుదేరుటకు ముందును, త్రోవలో రెండు గంటల కొకసారియు చక్కెర చూచుకొనవలెను. 90కి తక్కువైనచో ఏదైన తిని, చక్కెర పెరిగిన పిదపనే కదలవలెను. లక్షణములు తోచిన వెంటనే బండిని ప్రక్కకు తీసి ఆపి, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకొని త్రాగవలెను. 15 నిమిషములకు మరల చూచుకొని, అప్పటికిని తక్కువగా నున్నచో మరల త్రాగవలెను. పిదప కొంత ఆహారము తినవలెను. చక్కెర సరిపడిన తరువాతను 45 నిమిషములు ఆగవలెను; మెదడు తేరుకొనుటకు ఆపాటి వ్యవధి కావలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయరాదు; 108కి ఫోను చేయవలెను.

పంచదార పొట్లము డిక్కీలో నుండిన ప్రయోజనము లేదు, చేతికందు చోట నుండవలెను. జేబులో ‘నాకు మధుమేహము కలదు’ అను చీటి యుండుట మంచిది. బండి తీయువారికి నీళ్ళ సీసాతోపాటు పంచదార పొట్లమును అందించుట ఇంటివారు కూడ అలవాటు చేసికొనవలెనని మా మనవి.