దుఆ ఫలించలేదనిపించిన వేళ

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు కురియుగాక!

ధర్మ సోదరులారా!

దుఆ కోసం చేతులెత్తని ముస్లిం మనలో లేడు. అడిగినది దొరకక ఆ చేతులు దించుకున్న రోజు కూడా మనలో ప్రతివారికీ ఉంది. జబ్బుపడిన బిడ్డ కోసం రాత్రులు తహజ్జుద్‌లో ఏడ్చిన తల్లి ఉంది, బిడ్డ దక్కలేదు. అప్పు తీరాలని, కూతురి నికాహ్ కుదరాలని రమజాను నెలంతా వేడుకున్న తండ్రి ఉన్నాడు. మరో రమజాను వచ్చింది, పరిస్థితి మారలేదు. అటువంటి హృదయంలో పైకి చెప్పుకోలేని ప్రశ్న ఒకటి మెదులుతుంది: అల్లాహ్ నా మొర వినలేదా?

వినకపోవడం అనేది లేదు. తాను దాసులకు సమీపంలోనే ఉన్నానని, పిలిచేవాని పిలుపుకు జవాబిస్తానని బఖరా సూరా 186వ ఆయత్‌లో అల్లాహ్ స్వయంగా తెలిపాడు. పాపాన్ని గాని, బంధుత్వాన్ని తెంచడాన్ని గాని కోరని దుఆకు మూడింటిలో ఒకటి తప్పక లభిస్తుందని దైవప్రవక్త (స) బోధించారు. అడిగినది ఇక్కడే ఇవ్వబడుతుంది; లేదా పరలోకం కోసం భద్రపరచబడుతుంది; లేదా అంతటి కీడు తొలగించబడుతుంది. అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ముస్నద్ అహ్మద్‌లో ఉంది. వీటిలో మొదటిది మాత్రమే మన కంటికి కనిపిస్తుంది. రెండవది ప్రళయ దినాన తెలుస్తుంది. ఇక మూడవది? రాకుండా తప్పిపోయిన ఆపదను ఎవరు చూడగలరు?

సోదరులారా! హిజ్రీ 6వ సంవత్సరం (క్రీ.శ. 628) నాటి సంఘటనను గుర్తు చేసుకుందాం. సహచరులతో కలసి మస్జిదుల్ హరామ్‌లో ప్రవేశిస్తున్నట్లు దైవప్రవక్త (స) కలగన్నారు. ఆ నమ్మకంతో సుమారు 1400 మంది సహాబాలు ఇహ్రామ్ ధరించి, ఖుర్బానీ ఒంటెలను తోలుకొని ఉమ్రాకు బయలుదేరారు. ఏళ్ల తరబడి కాబాను చూడని ముహాజిర్లు వారిలో ఉన్నారు. మక్కా సమీపంలోని హుదైబియా వద్ద వారి ప్రయాణం ఆగిపోయింది. ఈ ఏడు వెనుదిరగాలని, మరుసటి ఏడు వచ్చి మూడు రోజులే ఉండాలని, మక్కా నుండి పారిపోయి వచ్చినవారిని తిప్పి పంపాలని ఖురైషులు షరతులు పెట్టారు. సంధి మాటలు ముగియకముందే అబూ జందల్ (రజి) సంకెళ్లు ఈడ్చుకుంటూ వచ్చి, తనను కాపాడమని ముస్లింలను వేడుకున్నారు. ఆయనను సైతం అప్పగించవలసి వచ్చింది.

ఉమర్ (రజి) ఉండబట్టలేక, మనం కాబాకు వెళ్తామని మీరు చెప్పలేదా అని అడిగారు. చెప్పాను, అయితే ఈ ఏడే వెళ్తామని చెప్పానా అని దైవప్రవక్త (స) తిరిగి ప్రశ్నించారు.

ఈ ఒక్క మాటను మన దుఆల పక్కన ఉంచి చూసుకుందాం. వాగ్దానం అల్లాహ్‌ది, తేదీ మనం రాసుకున్నది. ఆ తేదీ దాటగానే వాగ్దానమే తప్పిందని కుమిలిపోతున్నాం.

ఆ తరువాత జరిగినది మరింత గమనించదగినది. ఖుర్బానీ ఇచ్చి శిరోముండనం చేయించుకోండని దైవప్రవక్త (స) మూడుసార్లు చెప్పినా, దుఃఖభారంతో ఎవ్వరూ కదలలేదు. ఉమ్మె సలమా (రజి) సలహా మేరకు వారు మౌనంగా వెళ్లి తమ ఒంటెను ఖుర్బానీ చేసి, శిరోముండనం చేయించుకున్నారు. అది చూసి అందరూ లేచారు. మక్కాలో చేయాలనుకున్న ఆరాధనను ఆగిపోయిన చోటే చేశారు. తిరుగు ప్రయాణంలో ఫతహ్ సూరా అవతరించి, దానిని స్పష్టమైన విజయమని ప్రకటించింది. మరుసటి ఏడు ఉమ్రా నెరవేరింది. అబూ జందల్ (రజి) చెర నుండి బయటపడ్డారు; తిప్పి పంపాలన్న షరతును ఖురైషులే విరమించుకున్నారు. హిజ్రీ 8లో మక్కా ద్వారాలు తెరుచుకున్నాయి.

అయితే ప్రతి దుఆకూ మరుసటి ఏడు ఇలాగే ద్వారం తెరుచుకుంటుందని చెప్పడం సత్యం కాదు. కన్నుమూసిన బిడ్డ ఈ లోకానికి తిరిగి రాడు. దైవప్రవక్త (స) తమ ఉమ్మత్ కోసం మూడు కోరగా రెండు ఇవ్వబడ్డాయి. వారు పరస్పరం కలహించుకోకూడదన్న మూడవది ఇవ్వబడలేదని సహీహ్ ముస్లింలో ఉంది. వారి పసిబిడ్డ ఇబ్రాహీం మరణించినప్పుడు వారు కన్నీరు పెట్టారు. ప్రభువుకు అప్రియమైన మాట మాత్రం పలుకలేదు. అల్లాహ్‌కు అందరికన్నా ప్రియమైనవారికే కోరినదంతా లభించనప్పుడు, లభించకపోవడం ఆయన ఆగ్రహానికి గుర్తు ఎలా అవుతుంది?

కనుక దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లి, మీ దుఆలో లోపం ఉందనే మాట మన నోట రానీయకూడదు. మన సంపాదన హలాలేనా, మన నడత సరైనదేనా అని ఎవరికి వారు పరిశీలించుకోవాలి. ఇతరుల దుఆను తూచే త్రాసు మన చేతికి ఇవ్వబడలేదు. జాఫర్ (రజి) అమరులైనప్పుడు వారి కుటుంబానికి భోజనం సిద్ధం చేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు. మనమూ అదే చేద్దాం. జనాజాకు భుజమిద్దాం, ఆ ఇంటికి అన్నం పంపుదాం, వారి పక్కన కూర్చుందాం.

అల్లాహ్‌పై తవక్కుల్ అంటే చేతులు ముడుచుకోవడం కాదు. వైద్యం చేయిద్దాం, పని వెతుకుదాం, అప్పు తీర్చే మార్గం చూద్దాం; ఫలితాన్ని ఆయనకు అప్పగిద్దాం. ఎంత అడిగినా ఇవ్వలేదని తొందరపడి దుఆ మానుకోనంత వరకు అది స్వీకరించబడుతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాల హదీసు తెలుపుతోంది. ఈ జుమా రోజున దుఆ స్వీకరించబడే ఘడియ ఒకటి ఉంది. దించుకున్న చేతులను ఈ రోజే మళ్లీ ఎత్తుదాం.

ఓ అల్లాహ్! మేము కోరినదానిలో మేలుంటే ప్రసాదించు. లేకుంటే నీ నిర్ణయాన్ని సంతృప్తితో స్వీకరించే హృదయాన్ని ప్రసాదించు. బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రులకు సహనాన్ని, పరలోకంలో పునస్సమాగమాన్ని అనుగ్రహించు. ఆమీన్.