దస్త్రము నడుగు విధము



గ్రంథాలయమున పుస్తకము నడుగుటకు జంకని మనము కచేరీలో దస్త్రము నడుగుటకు వెనుకాడుదుము. రెండును ప్రజల సొత్తే. 1984లో కరణీకము రద్దయిన పిదప ఊరి లెక్కలకు కచేరీయే దిక్కు.

పుస్తకమునకు పేరువలె భూమి దస్త్రమునకు గ్రామము, సర్వే నంబరు, సంవత్సరము తెలుపవలెను. “మా పొలము కాగితము లిండు” అన్నచో నేదియు దొరకదు. అడంగలు సాగును, 1-బి హక్కుదారును, ఎఫ్.ఎం.బి. పటము కొలతలను దెలుపును. రిజిస్ట్రేషను కార్యాలయమున స్థిరాస్తి సూచికలను, 1908 నాటి చట్టము ననుసరించి, రుసుము చెల్లించి యెవరైనను చూడవచ్చును.

ఇట్లు దొరకనిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము కలదు. కారణము చెప్ప నక్కరలేదు. మన రాష్ట్రమున అర్జీకి గ్రామస్థాయిలో రుసుము లేదు. మండలమున 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. నకళ్ల ఖర్చు వేరు. 30 దినములలో జవా బీయవలెను. రానిచో గడువు తీరిన 30 దినములలోపల మొదటి అప్పీలు, పిదప 90 దినములలోపల సమాచార కమిషనుకు రెండవ అప్పీలు చేయవచ్చును.

రసీదు తప్పక గైకొనుడు. ఉంగరము జారిన శకుంతలను దుష్యంతుడే గుర్తింపలేదు. రసీదు లేని రైతు నెవ్వరు గుర్తింతురు? తండ్రి గతించి, హద్దు తగవు ముదిరిన పిమ్మట వెదకుటకంటె, అడంగలులో నెవరి పేరున్నదో నేడే చూచుకొనుట మేలు. చదువురాని పొరుగువానికి అర్జీ వ్రాసియిచ్చుట ఈ గ్రంథాలయ పాఠకుల విధి.