చేతికి తగిన సాధనం



విజయనగర, మధుర నాయకరాజుల కాలంలో కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల నల్లరేగడి నేలకు వచ్చిన తెలుగువారు నాగలి పట్టారు. వారి సంతతిలో కొందరు నేడు అగ్గిపెట్టెల కర్మాగారాలలో, పప్పు, మిరప, నూనె వర్తకశాలలలో కంప్యూటర్ ముందు కూర్చుని లెక్కలు చూస్తున్నారు. మణికట్టు నొప్పి వచ్చినా, కొలువు పోతుందన్న భయంతో ఓర్చుకునేవారు ఉన్నారు. ఓర్పు దీనికి మందు కాదు.

వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, మధ్యమ నాడి మణికట్టులోని ఒకే ఇరుకు మార్గం గుండా సాగుతాయి. మణికట్టును వంచి గంటల తరబడి మౌస్ జరిపితే ఆ నాడిపై ఒత్తిడి పెరగవచ్చు. ట్రాక్‌బాల్‌ను జరపనక్కరలేదు, పైనున్న బంతిని వేళ్లతో దొర్లిస్తే చాలు. నిలువు మౌస్ పట్టిన చేయి కరచాలనానికి చాచినట్టుంటుంది, ముంజేయి మెలిపడదు. ఖర్చు భారమైనవారు ఉన్న మౌస్‌నే కొంతసేపు ఎడమచేతికి మార్చుకోవచ్చు. ఏదైనా అలవాటు కావడానికి కొన్నాళ్లు పడుతుంది. బొటనవేలితో తిప్పే బంతి కొందరికి ఆ వేలినే నొప్పిస్తుంది. పట్టి చూసి కొనడం మేలు.

రాత్రివేళ తిమ్మిరి, పట్టు సడలడం కనిపిస్తే వైద్యుని సంప్రదించాలి.

చేతికి అమరని మేడిని రైతు మార్చుకుంటాడు. యజమానులు సైతం ఈ మార్పును కుర్చీ, బల్లల ఖర్చుతో సమంగా ఎంచాలని మనవి.