కొండ ఎవరిదో దేవతనే అడగాలె

(అరకు, తూర్పు కనుమల ఆదివాసుల కొలుపుల మీద విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది మేడారం పోయినోళ్లే. పోకున్నా, నిలువెత్తు బెల్లం తూకమేసి బంగారమని వాడకట్టంతా పంచిన ఇండ్లల్ల పెరిగినోళ్లే. అందుకే అరకు కొండల దేవతల గురించి మీకు చెప్పుడు నాకు సులువు. సమ్మక్క గద్దె మీద విగ్రహం ఉండదు. చిలకలగుట్ట నుంచి కోయ వడ్డెలు తెచ్చేది కుంకుమ భరిణె. ఆ గుట్టను ఎవరు పడితే వాళ్లు ఎక్కరాదు. ఈ మూడు సంగతులు తెలిసినోళ్లకు అరకు సగం తెలిసినట్టే. మిగతా సగం కోసమే ఇవ్వాళ ఇక్కడ కూసున్నం.

అరకు అంటే మనకు యాదికొచ్చేది ఏంది? అద్దాల రైలు పెట్టె, కాఫీ, బొంగు చికెన్, బొర్రా గుహలు, సాయంత్రం గెస్ట్ హౌస్ ముంగట థింసా ఆట. 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు మోసుకపోయేటందుకు వేసిన కొత్తవలస-కిరండూల్ లైను మీదనే 2017 నుంచి ఆ అద్దాల పెట్టె నడిచింది. అద్దంలకెళ్లి కొండ మంచిగనే కనబడుతది. ఆ కొండ మీద ఏ రాయి ఎవరి దేవతనో కనబడదు. అరకు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడ్డ ఆ జిల్లాకు పాడేరు కేంద్రం. బగతలు, కొండదొరలు, కొందులు, గదబలు, పోర్జలు, వాల్మీకులు, కోటియలు, నూకదొరలు అక్కడి మనుషులు. నుడులు వేరు, కొలుపులు వేరు. తరతరాలు పక్కపక్క ఊళ్లల్ల బతికిన కారణాన పండుగలు చాలావరకు కలిసిపోయినయి.

వీళ్లు హిందువులా, కాదా అని ప్రతి సభలో ఎవరో ఒకరు లేచి అడుగుతరు. బ్రిటిషోళ్లు తమ జనగణనలో వీళ్లకు వేరే గడి పెట్టిండ్రు. ఒకసారి ఆనిమిస్టులన్నరు, 1931లో గిరిజన మతాలన్నరు. స్వాతంత్ర్యం వచ్చినంక ఆ గడి పోయింది. పెట్టినోళ్లు వీళ్లను అడగలే, తీసేసినోళ్లూ అడగలే. 2011లో మధ్య భారతంలో లక్షల మంది తమ మతం సర్నా అని పట్టుబట్టి రాయించుకున్నరు. అది వేరే పెద్ద చర్చ, ఇవ్వాళ నేను దాంట్ల దిగను. నేను అడిగేది ఇంకొకటి. ఈ కొండల్లో దేవత చేసే పని ఏంది?

చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండుగను చూడుండ్రి. ఇంటింటి నుంచి సామలు, చోళ్లు, వడ్లు, కందులు తెచ్చి ఊరి దేవత ముంగట పెడతరు. పూజ అయినంక ఆ విత్తనాలను మళ్ల అన్ని ఇండ్లకు పంచుతరు. ఎవరికి వాళ్లు ఆ పిడికెడును తమ విత్తనంలో కలుపుకొని చల్లుతరు. అంటే ఒక ఇంటి విత్తనం పుచ్చిపోయినా ఊరి విత్తనం ఆ ఇంటికి చేరుతది. ఇదే పనికి సర్కారు ఒక స్కీము పెట్టి, పేరు పెట్టి, ఫ్లెక్సీ కడితే మనం వార్త రాస్తం. కొండ మీద దాన్ని పండుగ అంటరు, అంతే తేడా. ఆ రోజుల్లో మగోళ్లు వేటకు పోతరు. వెనకట ఉత్త చేతులతో తిరిగొచ్చినోళ్ల మీద ఆడోళ్లు పేడ కొట్టేది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చినంక ఆ వేట చాలావరకు తతంగంగనే మిగిలింది. ఆడోళ్ల పని మాత్రం సాగుతనే ఉన్నది. రోడ్డుకు అడ్డంగ కట్టెనో తాడో పెట్టి, వచ్చే పోయే బండ్లను ఆపి, ఆడి పాడి పైసలు అడుగుతరు. కార్లల్ల పోయేటోళ్లు విసుక్కుంటరు. టోల్‌గేటు కాడ కిక్కురుమనకుండ కట్టెటోళ్లే ఇక్కడ పది రూపాయలకు లొల్లి పెట్టుకుంటరు! నువ్వు మా ఊరి మీదికెళ్లి పోతున్నవ్, ఈ దారి మాది అని ఏడాదికొకసారి గుర్తు చేసుడు నాకైతే న్యాయంగనే తోస్తది.

తర్వాత కొత్తలు వస్తయి. మామిడి కొత్త, కొర్ర కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త. శ్రీకాకుళం దిక్కు సవరలకు కంది కొత్త ఉన్నది. దేవతకు పెట్టేదాక కొత్త పంట ఎవరూ నోట్ల వేసుకోరాదు. మామిడి సంగతే తీసుకోండ్రి. ఎండకాలంల గింజలు ఒడిసినప్పుడు మామిడి టెంక లోపలి జీడిని నానబెట్టి, పిండి చేసి అంబలి కాసుకున్న ఇండ్లు అవి. అసొంటి చోట ముదరని కాయ కోసుడంటే ఊరి నోటికాడి కూడు గుంజుడే. కాయ ముదిరేదాక చెట్టుకు కావలి ఎవరుంటరు? జవాను ఉండడు, దేవత ఉంటది.

ఇక్కడ శబరి యాదికొస్తది. కోరాపుట్ కొండల్ల కొలాబ్ పేరుతో పుట్టి, కిందికి శబరిగ దిగి, కూనవరం కాడ గోదావరిల కలిసే నది ఆమె పేరు మోస్తున్నది. శబరి ఎంగిలి పండ్ల కత వింటె భక్తులకు కండ్లల్ల నీళ్లు తిరుగుతయి. వాల్మీకి రామాయణంలో ఆ ఎంగిలి మాట లేదు. రాముని కోసం అడవిలో ఏరి దాచిపెట్టిందనే ఉన్నది. ఎంగిలిని తర్వాతి భక్తి పరంపర కలిపింది. మామిడి కొత్త చూసినోళ్లకు ఒక అనుమానం రాక మానదు. తొలి పండు దేవునికి పెట్టేదాక రుచి చూడని జనం బిడ్డ, కొరికి చూసి పెట్టిందా? ప్రేమ కత కాబట్టి నేను కొట్టెయ్యను. చెప్పినోళ్లు మైదానపోళ్లు అన్నది మాత్రం గుర్తుంచుకుందం.

మరి ఈ దేవతలు ఉండేది ఎక్కడ? ఊర్ల నిలబెట్టిన రాళ్ల కాడ నిశాని దేవత ఉంటది. కొండ, అడవి చూసుకునేది జాకర దేవత. కొండదొరలకు శంకు దేవుడు ఉన్నడు. గదబలు చచ్చిపోయిన పెద్దల పేరు మీద రాళ్లు నిలబెడతరు. ఊరి నడుమ ఆ రాళ్ల కాన్నే పెద్దమనుషులు కూసుండి పంచాయితీ చెప్తరు. 1943లో ఈ గదబ రాళ్ల మీద వ్యాసం రాసింది ఎవరనుకున్నరు? మన ఆదిలాబాద్ మార్లవాయిలో గోండుల నడుమ బతికిన హైమన్‌డార్ఫే. తాత పేరు మీది రాయి ముంగట కూసుండి అబద్ధం చెప్పుడు అంత అల్కటి పని కాదు. కోర్టుల బోను ఎక్కి ప్రమాణం చేసేటోళ్లకు ఆ భయం లేదు గదా!

హుకుంపేట మండలంల మఠం అనే ఊరు కాడ మత్స్యగుండం ఉన్నది. మాచేరు అనే వాగు, అందుల లోతైన మడుగు, మడుగు నిండ చేపలు. వాటిని ఎవరూ పట్టరు. శివరాత్రికి జాతర జరుగుతది, వచ్చినోళ్లు చేపలకు మేత వేసిపోతరు. 1907ల అచ్చయిన విశాఖపట్నం గెజిటీర్‌లోనే ఈ మడుగు ముచ్చట ఉన్నది. ఇంకా వెనుకకు పోతే శాసనం దొరుకుతది. ఒడ్డాదిని ఏలిన మత్స్య వంశపు అర్జునుడు 1269ల వేయించిన దిబ్బిడ రాగి రేకులల్ల తమ వంశకర్త కత చెప్పుకున్నడు. ఒక ముని, ఒక అప్సరస, వాళ్లకు చేప కడుపున పుట్టిన కొడుకు సత్యమార్తాండుడు. అతనికి ఉత్కళ రాజు బిడ్డనిచ్చి, ఒడ్డాది రాజ్యమిచ్చిండట. చూడుండ్రి, కొండవాగు చేప రాజులకు వంశవృక్షమైంది. పండితులు వచ్చినంక అది మత్స్యావతారాన్ని గుర్తుచేసే చేప అయింది. గుడి వచ్చినంక మత్స్యలింగేశ్వరుడు వెలిసిండు. ఇన్ని పేర్లు మారినా నీళ్లల్లో ఉన్న రూలు ఒక్కటే: ఈ మడుగుల వల వెయ్యరాదు. నన్నడిగితే ఈ కతలన్నిటిలో గట్టిది ఆ రూలు.

బొర్రా గుహల ముచ్చట మీకు తెలిసిందే. మేస్తున్న ఆవు గుహ పైకప్పు బొక్కలకెళ్లి లోపల పడ్డదట, వెతుక్కుంట దిగిన పసులకాపరికి లింగం కనబడ్డదట. సున్నపురాయి మీద వేల ఏండ్లు నీటి చుక్కలు పడి ఏర్పడ్డ రాయినే శివలింగమని కొలుస్తరు. ఆవు పొదుగు తీరు ఉన్న ఇంకో రాయి నుంచి కారే నీళ్లే గోస్తనీ నది పుట్టుక అంటరు. శివరాత్రికి జనం మస్తు వస్తరు. టికెట్ కొని దిగేటోళ్లల్ల ఎందరికి తెలుసో గని, దేశంలోని ఆదివాసులందరికీ పనికొచ్చిన తీర్పు పుట్టింది ఈ బొర్రా చుట్టుపక్కలనే. అనంతగిరి మండలంల, బొర్రా దిక్కున సర్కారు ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇచ్చింది. సమత అనే సంస్థ కొట్లాడింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంల భూమిని గిరిజనేతరులకు ఇయ్యరాదన్న కట్టుబాటు సర్కారుకు కూడ వర్తిస్తదన్నది. ఆ తీర్పు నిలబడ్డది మన ములుగు, భద్రాచలం దిక్కు అందరి నోట్ల ఉండే 1/70 మీదనే. లింగం కింద భూమి ఎవరిదన్న ప్రశ్నకు దొరికిన మొదటి గట్టి జవాబు అది.

రెండో జవాబు నియమగిరి నుంచి వచ్చింది. అంతకుముందు కొండ రాయి గురించి ఒక్క ముచ్చట. తూర్పు కనుమల రాతికి భూగర్భ శాస్త్రంల ఖొండలైట్ అని పేరు. కొందుల పేరు మీదనే 1902ల ఆ పేరు పెట్టిండ్రు. రాయికి మనుషుల పేరు పెట్టినోళ్లు, మనుషులకు ఆ రాయి మీద హక్కు రాసియ్యలే. ఆ రాయి ఎండకు, వానకు లక్షల ఏండ్లు మగ్గి కొండ నెత్తిన బాక్సైట్ అయింది. వాన నీళ్లు అందుల ఇంకి, కింద ఊటలుగ దిగుతయి. అరకు దిక్కున గాలికొండ, రక్తకొండ, చింతపల్లి దిక్కున జెర్రెల. 2015 నవంబర్‌ల 97వ నంబర్ జీవో తెచ్చి చింతపల్లి అడవిల 1212 హెక్టార్లు తవ్వకానికి ఇచ్చిండ్రు. మన్యమంత భగ్గుమన్నది, 2019ల దాన్ని రద్దు చేసిండ్రు.

జెర్రెల జనానికి ధైర్యమిచ్చిన ఉదాహరణ ఉత్తరానే ఉన్నది. ఒడిశాలో రాయగడ, కలహండి నడుమ ఉన్న నియమగిరిని డొంగ్రియా కొందులు నియమరాజుగ కొలుస్తరు. పేరులోనే నియమం ఉన్నది చూడుండ్రి. కొండ నెత్తిన చెట్టు కొట్టరు. అక్కడ బాక్సైట్ తవ్వుతమని కంపెనీ, సర్కారు బయలెల్లినయి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది: ఈ తవ్వకంతోని వాళ్ల దైవహక్కుకు దెబ్బ తగులుతదా లేదా అన్నది గ్రామసభలు తేల్చాలె, జిల్లా జడ్జి స్థాయి అధికారి దగ్గరుండి చూడాలె. 12 ఊళ్లల్ల సభలు పెట్టిండ్రు. 12 ఊళ్లు వద్దన్నయి. 2014 జనవరిల కేంద్రం అడవి అనుమతి నిరాకరించింది. దేవత సాక్ష్యం కోర్టుల చెల్లింది.

ఇప్పుడు గుడి ముచ్చటకు వస్త. పాడేరు మోదకొండమ్మ జాతర వేసవిల మూడు రోజులు జరుగుతది. అమ్మవారి పాదాలను శతకంపట్టు కాడ నిలిపి కొలుస్తరు, మైదానం నుంచి, ఒడిశా నుంచి గూడ జనం వస్తరు. పెద్ద గుడి కట్టుడు తప్పని నేను అనను. మేడారం 1996ల రాష్ట్ర పండుగ అయినంక రోడ్లు పడ్డయి, బస్సులు వచ్చినయి, కాదనేదేముంది? కని పూరీ జగన్నాథుణ్ణి చూడుండ్రి. శబర విశ్వావసు కొండల్ల నీలమాధవునిగ కొలిచిన దేవుడే పూరీకి వచ్చిండని కత. అంత పెద్ద గుడిల కూడ దైతపతులు మేము విశ్వావసు వారసులమని తమ హక్కు కాపాడుకున్నరు. 1996ల, 2015ల నవకళేబరం జరిగినప్పుడు పాత విగ్రహానికి సొంత మనిషి పోయినట్టు మైల పట్టింది వాళ్లే. గోపురం లేచినప్పుడు చూడవలసిన సంగతి ఇది. పూజారి ఎవరు, కమిటీల ఎవరున్నరు, హుండి తాళం ఎవరి చేతిలో ఉన్నది? గెస్ట్ హౌస్ ముంగట ఆడే థింసాకు కూడ ఇదే అడుగుత. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు చైత్రంల దేవత కోసం మోగితే ఊరికి విత్తనం అందుతది. టూరిస్టు కోసం మోగితే కూలి అందుతది. కూలి కూడ కావాలె, అయితే రెండూ ఒకటే అని మనం పేపర్ల రాయరాదు.

మీలో రెవెన్యూలో, ఫారెస్టులో, గిరిజన సంక్షేమంలో పనిచేసేటోళ్లు ఉన్నరు కాబట్టి ఆఖరుకు ఒక్క పని ముచ్చట చెప్త. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నిబంధనలల్ల 13వ నిబంధన తీసి చదవండ్రి. హక్కు రుజువు చేసేటందుకు పనికొచ్చే ఆధారాలల్ల బావులు, బొందలగడ్డలతో పాటు పవిత్ర స్థలాలను కూడ రాసిండ్రు. అంటే నిశాని రాయి ఆధారమే. జాకర దేవత తోపు ఆధారమే. సమూహ హక్కుల దరఖాస్తు మీ టేబుల్ మీదికి వచ్చినప్పుడు అందుల ఆ దేవత పేరు, ఆ తోపు హద్దులు ఉన్నయా చూడండ్రి. లేకుంటే దరఖాస్తును వాపసు పంపకుండ్రి. గ్రామసభల పెద్దమనుషులను అడిగి రాయించుండ్రి. విద్యార్థులు సెలవుల్లో అరకు పోతే ఫోటోలతో పాటు ఆ పేర్లు కూడ రాసుకొని రాండ్రి, ఏ ఊరికి ఏ రాయి, ఏ కొండ, ఏ మడుగు అని.