స్థిరాస్తి వృత్తి – దాని విద్య



కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఇల్లు కొనుట తఱచు జీవితములో ఒకే పర్యాయము జరుగు కార్యము. ఢిల్లీలోనో, నాగపూరులోనో, గౌహతిలోనో ముప్పది యేండ్లు ప్రభుత్వపు క్వార్టర్లలో కాపురముండి, పదవీ విరమణకు రెండు మూడేండ్లు ముందుగా హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక ఫ్లాటు గాని, స్థలము గాని వెదకుకొనును. దొరకిన సెలవు పది దినములు. అందులో స్థలము చూచుట కొక దినము, బేరమున కొక దినము. తక్కినదంతయు మధ్యవర్తి మాటపై నడచును. భవిష్యనిధి, గ్రాట్యుటీ, గృహనిర్మాణపు అడ్వాన్సు అన్నియు ఆ మాటను నమ్మియే వెచ్చింపబడును. 2017 నాటి నిబంధనల ప్రకారము ఆ అడ్వాన్సు 34 నెలల మూలవేతనము వఱకు, 25 లక్షల రూపాయలకు మించకుండ లభించును. ఇంత సొమ్మునకు దారి చూపు మనుష్యుడు ఏమి చదివినవాడని అడుగువారు మాత్రము అరుదు.

అడిగినను చిరకాలము సమాధానము లేకుండెను. ఒక తాళపుచెవుల గుత్తి, నలుగురితో పరిచయము, తియ్యని మాట ఉన్నచో ఎవడైనను దళారి కావచ్చును. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టము ఈ స్థితిని కొంత మార్చినది. రేరా అను పొట్టిపేరుతో జనుల నోట నిలిచిన ఆ చట్టములో తొలి భాగములు 2016 మే 1వ తేదీనను, తక్కినవి 2017 మే 1వ తేదీనను అమలులోనికి వచ్చినవి. దాని క్రింద రిజిస్టరు కావలసిన ప్రాజెక్టులలో అమ్మకమునకు సాయపడు ఏజెంటు తానును రిజిస్టరు కావలెను. రిజిస్టరు కాని ప్రాజెక్టును అమ్మింపరాదు. లెక్కల పుస్తకములు ఉంచవలెను. లేని సౌకర్యములను ఉన్నట్లు చెప్పరాదు. కొనువానికి చెందవలసిన పత్రములు అతనికి అందునట్లు చూడవలెను. అయితే ఏజెంటు ఏమి చదివియుండవలెనో ఆ చట్టము చెప్పలేదు. మహారాష్ట్రమునందలి రేరా సంస్థ 2023లో ఆ లోటును పూరింప పూనుకొని, ఏజెంట్లు 20 గంటల శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గి, అర్హతాపత్రము గైకొనవలెనని నిర్ణయించినది. స్థిరాస్తుల విలువ కట్టువారికి 2017 నాటి కంపెనీల నిబంధనలను అనుసరించి 50 గంటల పాఠములును, పరీక్షయు ఏర్పడినవి. నిర్మాణ నిర్వహణ, పట్టణ ప్రణాళిక మున్నగు డిగ్రీ చదువులు వేరుగా కలవు.

ఈ విద్యార్థులు మొదట నేర్చునది అమ్మకపు చాతుర్యమని పలువు రనుకొందురు. మొదటి పాఠము 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము. నూరు రూపాయలు మొదలుకొని ఆపైన విలువగల స్థిరాస్తి రిజిస్టరు దస్తావేజు మూలముననే విక్రయము కాగలదని అందు 54వ సెక్షను చెప్పుచున్నది. విక్రయపు అగ్రిమెంటు ఎంత మంచి స్టాంపు కాగితముపై వ్రాయబడినను, అది ఆస్తిలో హక్కును పుట్టింపదు. అమ్మువానిచేత దస్తావేజు వ్రాయించుకొనుటకు అవకాశమును మాత్రమే ఇచ్చును. బయానా ఇచ్చి అగ్రిమెంటు చేతికి రాగానే ఇల్లు తనదైనదని సంతసించువా డీ భేదము నెఱుగడు. ఎఱిగి చెప్పవలసినవాడు ఏజెంటు.

ఢిల్లీలో కాపురమున్న తెలుగువారికి ఈ పాఠము మఱింత దగ్గఱిది. ఆ నగరమున వేలకొలది ఇండ్లు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, విక్రయపు అగ్రిమెంటు, వీలునామా అను మూడు కాగితముల కట్టతో చేతులు మాఱినవి. స్టాంపు రుసుము మిగులునని కొందఱు, వేఱు దారి లేక కొందఱు అట్లు కొనిరి. 2011లో సూరజ్ ల్యాంప్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇట్టి కట్ట యాజమాన్యమును బదలాయింపజాలదని స్పష్టముగా తీర్పు చెప్పినది. అనధికార కాలనీల నివాసులకు హక్కు గుర్తించుటకై 2019లో పార్లమెంటు ప్రత్యేకముగా ఒక చట్టము చేయవలసివచ్చినది. ముక్త్యారునామా ఇచ్చినవాడు మరణించినచో సాధారణముగా దాని బలము అతనితోనే పోవునన్న చిన్న సంగతి తెలియక, వార్ధక్యమున కోర్టు మెట్లెక్కినవారి కథలు ప్రతి కాలనీలోను వినవచ్చును.

తరువాతి పాఠము హక్కుల గొలుసు. ఈ విద్యకంతకు ఇది ఆయువుపట్టు. మన దేశమున రిజిస్ట్రేషను ఆఫీసు హక్కునకు పూచీపడదు. అమ్మువానికి నిజముగా హక్కు ఉన్నదా అని విచారించు అధికారము రిజిస్టరు చేయు ఉద్యోగికి లేదని తమిళనాటి యొక వ్యాజ్యమున 2025లో సుప్రీంకోర్టు చెప్పినది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము పత్రము నమోదు చేయుటకే గాని, ఆస్తి ఎవరిదో తేల్చుటకు పుట్టలేదు. కావున తేల్చుకొను భారము కొనువానిపైననే పడును. విద్యార్థి ఒక దస్తావేజును చేతబట్టి, అది ఏ దస్తావేజు నుండి పుట్టినదో, ఆ తల్లి దస్తావేజు దేనినుండి పుట్టినదో వెనుకకు నడచుచు, సామాన్యముగా 30 సంవత్సరములు పోవలెను. లింకు దస్తావేజులలో ఒక్క కొక్కెము లేకున్నను అక్కడ నిలువవలెను. రెండు దస్తావేజులలో సర్వే నెంబరు ఒకటే యుండి చెక్కుబందీ వేఱైనను నిలువవలెను.

ఈ నడకలో చేతికఱ్ఱ వంటిది ఎన్‌కంబరెన్సు సర్టిఫికేటు. దానియందు ఏమి కనబడునో బోధించుటకన్న, ఏమి కనబడదో బోధించు ఉపాధ్యాయుడు మేలైనవాడు. రిజిస్టరైన విక్రయములు, దానములు, పారిఖత్తులు, తనఖాలు అందు కనబడును. రిజిస్టరు కాని వీలునామా కనబడదు. వీలునామాకు రిజిస్ట్రేషను నిర్బంధము కాదు. తండ్రి చనిపోగా బిడ్డలకు సంక్రమించిన వాటా కనబడదు. కోర్టులో నడచుచున్న వ్యాజ్యము కనబడకపోవచ్చును. అయినను వ్యాజ్యము నడుమ కొన్నవాడు తుది తీర్పునకు కట్టుబడవలసినదే. దస్తావేజులను బ్యాంకునందు కుదువపెట్టి తెచ్చిన అప్పును గూడ సర్టిఫికేటు అన్నివేళల చూపజాలదు. అట్టి తనఖాల నమోదునకే 2011లో సెర్సాయి అను కేంద్ర సంస్థ ఏర్పడినది. మంచి విద్యార్థి అందును వెదకును. అసలు దస్తావేజును కన్నులార చూడనిదే జిరాక్సు ప్రతిని నమ్మడు.

వారసత్వపు పాఠమునందు తఱచు జాఱిపడు మెట్టు ఆడుబిడ్డ సంతకము. ఉదాహరణమున కొక కాగితపు కట్టను ఊహింపవచ్చును. తాతగారి నాటి ఇల్లు, తండ్రి గతించినాడు, ముగ్గురు కొడుకులు దస్తావేజు వ్రాసి ఇచ్చుటకు సిద్ధముగా నున్నారు, ఊరివారందఱు వారినే యజమానులందురు. కట్టయందు తప్పేమియు కనబడదు. అయితే దూరదేశమున కాపురమున్న చెల్లెలి పేరు ఎక్కడను లేదు. ఆంధ్రప్రదేశమున 1985లోనే, అప్పటికి వివాహము కాని ఆడుబిడ్డలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానహక్కు కలిగినది. 2005 నాటి సవరణ ఆ హక్కును దేశమునకంతకు విస్తరించినది. సవరణనాటికి తండ్రి జీవించియుండుట అవసరము కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చినది. ఆడుబిడ్డలకు పసుపుకుంకుమలతో సరిపోయినదను పాతమాట ఇంకను బేరముల నడుమ వినబడుచునే యున్నది. ఆ మాటను నమ్మి కొన్నవానికి పదేండ్ల పిమ్మట భాగపు దావా నోటీసు రావచ్చును. చెల్లెలికి జరిగిన అన్యాయమునకు తోడు, ఏమియు నెఱుగని కొనుగోలుదారుకు మఱియొక అన్యాయము.

భూమి యైనచో రెవెన్యూ రికార్డుల చదువు కావలెను. ఆంధ్రప్రదేశమున అడంగలు, 1బి. తెలంగాణమున పహాణీ, టీపను. తెలంగాణమున 2020 అక్టోబరులో వచ్చిన ధరణి స్థానమున 2025 ఏప్రిలులో భూభారతి వచ్చినది. పాత పుస్తకముతో పాఠము చెప్పు ఉపాధ్యాయునికి ఈ రంగమున చోటు లేదు. పేదలకు ప్రభుత్వ మిచ్చిన అసైన్డు భూముల బదలాయింపును నిషేధించుచు 1977లో చట్టము చేయబడినది. అందలి సడలింపులు రెండు రాష్ట్రములలో ఒక్క తీరున లేవు గనుక, రిజిస్ట్రేషను ఆఫీసులోని నిషేధిత ఆస్తుల జాబితాను చూడనిదే అడుగు ముందుకు వేయరాదు. కొలతలకు వచ్చినచో, ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజములు, సెంటునకు 48.4 చదరపు గజములు. అంకణము మాత్రము ఊరూరికి మాఱును. గొలుసు పట్టి స్థలమును స్వయముగా కొలువని విద్యార్థికి ఈ అంకెలు నిలువవు.

ఫ్లాటు విషయమున కొలతలో మఱియొక మాయ కలదు. ప్రకటనలో 1,500 చదరపు టడుగు లని యుండును. అందు మెట్లు, లిఫ్టు, నడవ, కావలివాని గది అన్నిటిలోను వాటా చేరియుండును. రేరా చట్టము కార్పెట్ విస్తీర్ణమును నిర్వచించినది: లోపలి అడ్డుగోడలు చేరును, బయటిగోడలు, బాల్కనీ, డాబా చేరవు. ఆ లెక్కను అడుగువానికి నిజమైన గదుల కొలత తెలియును. అగ్రిమెంటు వ్రాసి రిజిస్టరు చేయనిదే వెలలో పదియవ వంతునకు మించి పుచ్చుకొనరాదనియు, కొనువారి సొమ్ములో నూటికి 70 వంతులు ప్రత్యేకపు ఖాతాలో నిలిపి ఆ నిర్మాణమునకును, భూమి వెలకును మాత్రమే వాడవలెననియు ఆ చట్టమే చెప్పుచున్నది.

విలువ కట్టు విధానములు, బ్యాంకు ఋణముల లెక్కలు, పన్నులు పాఠక్రమమున తప్పక యుండును. అవి పుస్తకము చూచి నేర్వదగినవి. చెప్పుట కష్టమైన పాఠము మఱియొకటి: ఏజెంటు ఎవరి మనిషి? అమ్మువాని యొద్దను, కొనువాని యొద్దను కమీషను పుచ్చుకొను ఆచారము మన యూళ్లలో పాతది. వెల పెరిగినచో కమీషనును పెరుగును. తాను ఎవరి పక్షమున నున్నాడో ముందుగా ఇరువురకును చెప్పుట ఏజెన్సీ ధర్మమునకు ప్రారంభమని 1872 నాటి కాంట్రాక్టు చట్టము చదివిన విద్యార్థికి తెలియును. తెలిసియు చెప్పకుండుటకు 20 గంటల శిక్షణ మందు కాజాలదు. దానికి తోడు ఒక సంవత్సరమైన అనుభవజ్ఞుడగు వకీలు వద్దనో, దస్తావేజు లేఖరి వద్దనో కూర్చుండి కాగితములు చదువుట నిర్బంధము చేసినచో బాగుండును.

ఈ సంఘపు సభ్యులకు సంబంధించిన చిన్న విషయ మొకటి ఏజెంట్ల శిక్షణలో చేరదగియున్నది. 1964 నాటి కేంద్రోద్యోగుల ప్రవర్తనా నియమావళిలోని 18వ నియమము ప్రకారము ఉద్యోగి స్థిరాస్తిని తన పేర గాని, కుటుంబములోనివారి పేర గాని కొనుటకు, అమ్ముటకు ముందుగా పై అధికారికి తెలియజేయవలెను. అధికార వ్యవహార సంబంధము గలవానితో నైనచో ముందుగా అనుమతి పొందవలెను. అమ్మువాని పేరు, చిరునామా, సొమ్ము వచ్చిన మార్గము ఆ పత్రమున వ్రాయవలెను. ఈ బేరము ఎట్లు కుదిరినది, ప్రకటన మూలముననా, స్నేహితుల మూలముననా, ప్రైవేటు సంస్థ మూలముననా అని అడుగు గడియు అందు కలదు. ఏజెంటు పేరును, రిజిస్ట్రేషను సంఖ్యను బయానాకు ముందే అడిగి తెలిసికొన్న ఉద్యోగికి ఆ గడి నింపుట సులభము.