ఉప్పు మంట నుంచి కేంద్రకం దాకా

ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. ఆ సందర్భంగా పరమాణువు లోపల ఏముందో మనిషి ఎలా తెలుసుకున్నాడో చెప్పుకుందాం. డాల్టన్, థామ్సన్ బడి పిల్లలకు కూడా తెలిసినవాళ్లే, అక్కడ ఆగను.

ఒక్క సంగతి మాత్రం సవరించాలి. పలుచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను వదిలి చూసిన ప్రయోగం రూథర్‌ఫర్డ్ చేశాడంటాం. 1909లో చీకటి గదిలో కూర్చుని, ఆ కణాలు తగిలి తెర మీద తళుక్కుమనే చుక్కలను ఓపికగా లెక్కపెట్టింది గైగర్, ఇరవై ఏళ్ల విద్యార్థి మార్స్‌డెన్. ఆ లెక్కలకు అర్థం చెప్పి, 1911లో పరమాణువు మధ్యలో కేంద్రకం ఉందన్నది రూథర్‌ఫర్డ్.

మరి ఎలక్ట్రాన్ల అమరిక? దాన్ని వెలుగే చెప్పింది. ఉప్పు వేసిన పప్పు పొంగి గ్యాస్ పొయ్యి మీద పడితే నీలి మంట ఒక్కసారి పసుపు పచ్చగా మారుతుంది, చూసే ఉంటారు. అది ఉప్పులోని సోడియం వెలుగు. పై శక్తి మెట్టెక్కిన ఎలక్ట్రాన్ కిందికి దిగుతూ ఇచ్చే రంగు. వర్ణపటమాపకంలో చూస్తే ఆ పసుపు ఒక గీత కాదు, 5890, 5896 ఆంగ్‌స్ట్రాంల దగ్గర రెండు గీతలు. ఆ జంటకు కారణం ఎలక్ట్రాన్ స్పిన్, అంటే అది తన చుట్టూ తాను తిరుగుతున్నట్టు ప్రవర్తించే గుణం, అని 1925 తర్వాత గాని తేలలేదు. నాకు ఈ కథంతటిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఈ జంట గీతలే.

సమయం తక్కువ, గబగబా చెప్తాను. 1913లో బోర్ ఎలక్ట్రాన్లు కక్ష్యల్లో తిరుగుతాయన్నాడు, అదే ఏడాది మోస్లీ ఎక్స్-కిరణాలతో మూలకాల పరమాణు సంఖ్యలు తేల్చాడు. 1926లో ష్రోడింగర్ సమీకరణంతో గుండ్రటి కక్ష్యల బొమ్మ చెల్లకుండా పోయింది. బడి గోడల మీద మాత్రం ఇంకా అదే గీస్తున్నాం, మార్చాలి. 1932లో చాడ్విక్ కేంద్రకంలోని న్యూట్రాన్‌ను కనిపెట్టాడు.

ఆ చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పనిచేసిన తెలుగు సన్యాసి ఒకాయన ఉన్నారు, స్వామి జ్ఞానానంద. 1896లో భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. సన్యసించి, యూరప్ వెళ్లి, ప్రాగ్‌లో ఎక్స్-కిరణాల వర్ణపటాలు కొలిచారు. తర్వాత బీటా కిరణాల మీద, అంటే కేంద్రకం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్ల మీద, పని పెట్టుకున్నారు. గాలి తగిలితే ఆ కణాలు శక్తి కోల్పోతాయి, కొలత తప్పుతుంది. అందుకే పరికరంలో గాలి లేకుండా తోడేయడమే ఆయనకు సగం విద్య. దాని మీద 1947లో ‘హై వాక్యువా’ అనే ఇంగ్లీషు పుస్తకమే రాశారు. కాషాయం కట్టిన మనిషి పంపులు, గాజు గొట్టాల మీద అంత లోతుగా రాయడం నన్ను ఇప్పటికీ ముచ్చటపెడుతుంది. తర్వాత విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను నిలబెట్టారు. అక్కడి ప్రయోగశాలలకు ఆయన పేరే పెట్టారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో బీఎస్సీ చదివే పిల్లలకు ఆ పేరు తెలియాలి.